ఏజెన్సీ కుర్చీ దిగితే బిల్లు ఎన్నాళ్లకు?

జంషెడ్‌పూర్‌లో 'కంపెనీ' అంటే ఒక్కటే. పేరు చెప్పనక్కర్లేదు. కద్మాలో ఉండే మా బాబాయి ఆ కంపెనీలో ముప్పై ఏళ్లు పైగా చేసి రిటైరయ్యాడు. ఆయన కూతురు, అంటే నాకు చెల్లెలు, ముంబైలో ఒక అడ్వర్టైజింగ్ ఏజెన్సీలో ఫిల్మ్స్ విభాగంలో ప్రొడ్యూసర్. ఎనిమిదేళ్ల అనుభవం. ఈమధ్య ఒక యాడ్ ఫిల్మ్ ప్రొడక్షన్ హౌస్ నుంచి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా రమ్మని పిలుపొచ్చింది. జీతం కొంచెం ఎక్కువే. దాని మీద ఇంట్లో పంచాయతీ జరుగుతున్న సమయానికి, రిపోర్టింగ్ పని మీద ఆ ఊరు వెళ్లిన నేను కూడా అక్కడే ఉన్నాను.

బాబాయి అడిగింది ఒకే ప్రశ్న. "పర్మినెంటేనేటమ్మా?" శ్రీకాకుళం వదిలి రెండు తరాలైనా ఆ యాస పోలేదు. ఖర్కాయి నదికి అవతల ఆదిత్యపూర్‌లో చిన్న ప్రెస్ షాప్ నడుపుతున్న మా మావయ్య మాత్రం ఇంకో ప్రశ్న వేశాడు. "బిల్లు ఎన్నాళ్లకి పాస్ సేస్తారు?"

బాబాయికి చెల్లి జవాబు చెప్పగలిగింది. ఈ రోజుల్లో ఏజెన్సీలో ఉన్నదీ పర్మినెంటు కాదని. మావయ్య ప్రశ్నకు మాత్రం తడుముకుంది. ఎనిమిదేళ్లుగా తను బిల్లులు పాస్ చేయించే వైపు ఉంది. పాస్ కావడం కోసం ఎదురుచూసే వైపు ఎలా ఉంటుందో తనకు తెలియదు.

వెండితెర మీద, టీవీలో, ఫోన్‌లో మనం చూసే ప్రకటనల వెనక ఈ రెండు కుర్చీలూ ఉంటాయి. బయటివాళ్లకు రెండూ ఒకటే ఉద్యోగంలా కనిపిస్తాయి. రెండింటికీ పేరు ప్రొడ్యూసరే. కాస్త విడమరచి చెప్పుకుంటే తేడా తెలుస్తుంది.

సబ్బో, బిస్కెట్టో అమ్మే కంపెనీ ఏజెన్సీకి పని ఇస్తుంది. ఏజెన్సీలో రాసేవాళ్లు స్క్రిప్టు రాస్తారు. అది ఖరారయ్యాక ఏజెన్సీ ప్రొడ్యూసర్ రంగంలోకి దిగుతుంది. ఏ డైరెక్టర్‌కి ఈ స్క్రిప్టు నప్పుతుందో ఆలోచించి, మామూలుగా మూడు ప్రొడక్షన్ హౌస్‌లకు పంపుతుంది. వాళ్ల నుంచి డైరెక్టర్ ట్రీట్‌మెంట్ నోట్, ఖర్చుల పట్టిక తెప్పిస్తుంది. ఏ పద్దులో ఎక్కువ వేశారో పట్టుకుని బేరమాడుతుంది. క్లయింటు ముందు ప్రీ ప్రొడక్షన్ మీటింగ్ పెడుతుంది. షూటింగ్ రోజు మానిటర్ దగ్గర కూర్చుని, ఒప్పుకున్నదే తీస్తున్నారా లేదా చూస్తుంది. ఎడిటింగ్, సంగీతం, పది భాషల్లో డబ్బింగ్, మోడల్స్ ఒప్పందం ఏడాదికా రెండేళ్లకా, ఏ రాష్ట్రాల్లో వాడుకోవచ్చు, ఇవన్నీ ఆమె ఫైల్లో ఉంటాయి. చేతిలో ఉన్నది క్లయింటు డబ్బు. వాన పడితే ఆమెకు చిరాకు, అంతే.

అవతలి కుర్చీలో కూర్చున్న ప్రొడక్షన్ హౌస్ ప్రొడ్యూసర్‌కి వాన పడితే నష్టం. ఒప్పుకున్న మొత్తంలోనే కెమెరా అద్దె, లైట్లు, జనరేటర్ వ్యాను, ఆర్ట్, కాస్ట్యూమ్స్, లొకేషన్ పర్మిషన్, భోజనాలు, యూనిట్ వాళ్ల బత్తాలు, డైరెక్టర్ ఫీజు అన్నీ సర్దాలి. మిగిలిందే మార్జిన్. రెండో రోజు షూటింగ్ పడితే, ఆ అదనపు ఖర్చు ఎవరిదో ముందే రాసుకోకపోతే అది హౌస్ నెత్తిమీదే. లైట్ బాయ్‌కి, మేకప్ మనిషికి, జూనియర్ ఆర్టిస్టుకి ఆ సాయంత్రమో ఆ వారమో డబ్బివ్వాలి. క్లయింటు నుంచి అడ్వాన్సుగా సగమొస్తే అదృష్టం, మిగతా సగం ఎప్పుడొస్తుందో దేవుడికెరుక.

మావయ్యకు ఇదంతా వివరిస్తుంటే ఆయన నవ్వాడు. ఆదిత్యపూర్‌లో జరిగేదీ ఇదే కదా అన్నాడు. ఆ పారిశ్రామికవాడలో వెయ్యికి పైగా చిన్నా పెద్దా యూనిట్లు ఉన్నాయి. చాలావాటికి బతుకుదెరువు టాటా మోటార్స్ ట్రక్కులకు కావలసిన విడిభాగాలే. పెద్ద కంపెనీ ఆర్డరిస్తుంది, చిన్న యూనిట్ ముడిసరుకు కొని, కూలీలకు వారం వారం డబ్బిచ్చి, భాగాలు చేసి పంపుతుంది, తర్వాత బిల్లు కోసం చూస్తుంది. 2019లో ట్రక్కుల అమ్మకాలు పడిపోయి టాటా మోటార్స్ వరసగా బ్లాక్ క్లోజర్లు ప్రకటించినప్పుడు ముందు దెబ్బ తగిలింది ఈ చిన్న యూనిట్లకే. లోపల పర్మినెంట్ కార్మికుడికి సెలవు జీతం వచ్చింది. బయట ఆదిత్యపూర్‌లో షిఫ్టులే ఎగిరిపోయాయి. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగినప్పుడు ప్రకటనల రంగంలో జరిగిందీ దాదాపు ఇదే. ఏజెన్సీల్లో జీతాలు కోశారు. రోజుకూలీ మీద బతికే యూనిట్ వాళ్లకు కోయడానికి జీతమే లేకపోయింది.

కాబట్టి మా చెల్లి ముందున్నది ఒక ఉద్యోగం నుంచి ఇంకో ఉద్యోగానికి మారడం మాత్రమే కాదు. కొనేవాళ్ల వైపు నుంచి అమ్మేవాళ్ల వైపుకు మారడం. కెరీర్ సలహాలిచ్చేవాళ్లు 'సృజనాత్మక స్వేచ్ఛ', 'పని ఒత్తిడి' గురించి మాట్లాడతారు. అవీ నిజమే. కానీ ఈ మార్పులో అసలు బరువు నగదు ప్రవాహం మీద ఉంది.

ఇక్కడ చట్టం ఏం చెబుతోందో చూద్దాం. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006 ప్రకారం, సూక్ష్మ లేదా చిన్న సంస్థ నుంచి సరుకో సేవో తీసుకున్నవాళ్లు, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో చెప్పిన గడువులో, ఎంతైనా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పదిహేడేళ్లపాటు ఈ నిబంధన చాలామందికి కాగితం మీదే తెలుసు. 2023 ఫైనాన్స్ చట్టంతో ఆదాయపు పన్ను చట్టంలోకి 43బి(హెచ్) అనే క్లాజు వచ్చి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. గడువులోగా చిన్న సంస్థకు చెల్లించకపోతే, ఆ ఖర్చును కొన్న కంపెనీ ఆ ఏడాది లెక్కల్లో చూపించుకోలేదు. ఏ సంవత్సరంలో నిజంగా చెల్లిస్తే ఆ సంవత్సరంలోనే చూపాలి. అంటే బాకీ పెట్టినందుకు పన్ను పెరుగుతుంది. దాంతో అకౌంట్స్ విభాగాలు మొదటిసారి ఉలిక్కిపడ్డాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్న సంస్థ నిర్వచనం 100 కోట్ల టర్నోవర్ దాకా పెరిగింది. పది కోట్ల దాకా సూక్ష్మ సంస్థే. దేశంలో యాడ్ ఫిల్మ్ ప్రొడక్షన్ హౌస్‌లు ఎక్కువ భాగం ఈ పరిధిలోకే వస్తాయి.

మరి సమస్య తీరినట్టేనా? తీరలేదు. ప్రకటనల వ్యాపారంలో మధ్యలో ఏజెన్సీ ఉంటుంది. క్లయింటు ఏజెన్సీకి అరవై రోజులకో తొంభై రోజులకో చెల్లిస్తాడు. తమకు వచ్చాకే మీకిస్తాం అని ఏజెన్సీ ప్రొడక్షన్ హౌస్‌తో రాయించుకుంటుంది. చట్టం దృష్టిలో 45 రోజుల గడువును ఒప్పందంతో పొడిగించుకోవడం కుదరదు. కానీ అసలు కొన్నది ఎవరు? ఏజెన్సీ తన పేరు మీద వర్క్ ఆర్డర్ ఇచ్చిందా, క్లయింటు తరఫున ఏజెంటుగా సంతకం పెట్టిందా? ఆ ఒక్క వాక్యం మీద వ్యవహారమంతా ఆధారపడి ఉంటుంది. దీనికి తోడు జీఎస్టీ. ప్రకటనల సేవల మీద 18 శాతం. ఇన్‌వాయిస్ వేసిన నెల లెక్కలోనే ఆ పన్ను కట్టాలి, క్లయింటు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా. రాని డబ్బు మీద పన్ను కట్టే సుఖం చిన్న సంస్థలవాళ్లకు బాగా తెలుసు.

అంతకన్నా పెద్ద అడ్డంకి చట్టంలో లేదు, మనుషుల్లో ఉంది. సమాధాన్ పోర్టల్ 2017 నుంచి ఉంది. ఫిర్యాదు చేస్తే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. కానీ ఫిర్యాదు చేసిన హౌస్‌కి ఆ ఏజెన్సీ మళ్లీ స్క్రిప్టు పంపుతుందా? ఆదిత్యపూర్‌లో మా మావయ్య ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. చేయాలని లేక కాదు.

ఇక బాబాయి ప్రశ్నకు వద్దాం. పర్మినెంటేనా? ఆయన తరానికి ఆ మాటకు ఉన్న అర్థమే వేరు. క్వార్టరు, టాటా మెయిన్ హాస్పిటల్, పార్కు, పిల్లల బడి, చివరికి ఇంట్లో ఒకరికి ఉద్యోగం. టాటా స్టీల్ అప్పట్లో 'మేం ఉక్కు కూడా తయారుచేస్తాం' అని ఒక ప్రకటనల పరంపర నడిపింది. ఊరి జీవితాన్ని చూపించి, చివర్లో ఆ ఒక్క మాట. భారత ప్రకటనల చరిత్రలో ఇప్పటికీ చెప్పుకునే వాక్యం అది. ఆ వాక్యం బాగా పేరు తెచ్చుకున్న తర్వాతి సంవత్సరాల్లోనే, అంటే 1990లలో మొదలై దశాబ్దంన్నర కాలంలో, ముందస్తు పదవీ విరమణ పథకాల ద్వారా ఆ సంస్థ కార్మికుల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. ఎవర్నీ రోడ్డున పడేయలేదు, జీతం నెలనెలా ఇస్తూ పంపారు. అయినా పర్మినెంటు అనే మాటకు ఊళ్లో ఉన్న బరువు ఆనాటి నుంచే తగ్గింది.

ఏజెన్సీల్లో ఇప్పుడు జరుగుతున్న కోతలో ఆ మర్యాద కూడా లేదు. ఆమ్నికామ్, ఇంటర్‌పబ్లిక్ అనే రెండు అమెరికన్ ప్రకటనల గ్రూపుల విలీనం 2024 డిసెంబర్‌లో ప్రకటించి 2025 నవంబర్ 26న పూర్తిచేశారు. వారం తిరగకముందే సుమారు నాలుగు వేల ఉద్యోగాలు పోతాయని చెప్పారు. డీడీబీ, ఎఫ్‌సీబీ, మల్లెన్‌లోవ్ పేర్లు అంతర్జాతీయంగా రద్దు. ఈ పేర్లు మనకు దూరమనుకోవద్దు. 1961లో ముంబైలో పుట్టిన ఉల్కా ఎఫ్‌సీబీ గొడుగు కిందికి, లింటాస్ మల్లెన్‌లోవ్ గొడుగు కిందికి ఎప్పుడో చేరాయి. మన దగ్గర తరతరాలకు ప్రకటన రాయడం నేర్పిన కొట్లు అవి. రెండు సంస్థలు కలిస్తే రెండు ఫిల్మ్స్ విభాగాలు అక్కర్లేదు. మా చెల్లి బాబాయికి చెప్పిన జవాబు వెనక ఉన్న లెక్క ఇదే.

ఇదే సమయంలో పెద్ద గ్రూపులు చిత్రీకరణ పనిని కూడా తమ ఇంట్లోకి లాక్కుంటున్నాయి. డబ్ల్యూపీపీకి హోగార్త్ ఉంది, పబ్లిసిస్‌కి ప్రొడిజియస్ ఉంది, ఆమ్నికామ్ 2024లో తన చిత్రీకరణ యూనిట్లన్నీ కలిపి ఆమ్నికామ్ ప్రొడక్షన్ పెట్టింది. ఫోన్ల కోసం ఒకే ప్రకటనకు వందల తునకలు కావాలి, అవి బయట తీయిస్తే గిట్టుబాటు కాదు అన్నది వాళ్ల వాదన. అందులో కొంత నిజముంది. కానీ కొటేషన్లు తెరిచి చూసే ఏజెన్సీయే పోటీదారు కూడా అయితే? అమెరికాలో ఈ అనుమానంతోనే 2016లో న్యాయశాఖ విచారణ మొదలుపెట్టింది. సొంత యూనిట్‌కి పని దక్కేలా బయటి హౌస్‌ల చేత ఎక్కువ ధరకు ఉత్తుత్తి కొటేషన్లు వేయిస్తున్నారన్నది ఆరోపణ. 2018 నవంబర్‌లో కేసులేవీ పెట్టకుండానే ఆ విచారణ ముగిసింది. ప్రకటనదారుల సంఘం ఈలోగా 2017లోనే చిత్రీకరణ వ్యవహారాల్లో పారదర్శకత లేదని నివేదిక ఇచ్చింది. మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2025 మార్చిలో ఏజెన్సీల మీద దాడులు చేసింది గానీ, అది టీవీ సమయం, పేజీల కొనుగోలు ధరల గురించి. చిత్రీకరణ కొటేషన్ల జోలికి ఎవరూ పోలేదు.

ఒక తమాషా చెప్పాలి. లింటాస్ అనే పేరు సబ్బుల కంపెనీ లీవర్ సొంత ప్రకటనల విభాగం పేరులోంచి పుట్టింది. లీవర్ ఇంటర్నేషనల్ అడ్వర్టైజింగ్ సర్వీసెస్ అన్నమాట. అంటే ఇంట్లో మొదలైన పని బయటికొచ్చి ఏజెన్సీ అయింది, ఏజెన్సీ నుంచి చిత్రీకరణ బయటికెళ్లి ప్రొడక్షన్ హౌస్ అయింది, ఇప్పుడు మళ్లీ లోపలికి వస్తోంది.

ఆ లింటాస్‌లోనే 1959లో బొంబాయిలో కాపీరైటర్‌గా చేరాడు శ్యామ్ బెనెగల్. హైదరాబాద్ తిరుమలగిరిలో పుట్టి పెరిగినవాడు. ప్రకటనల రంగం నుంచి చిత్ర నిర్మాణానికి వెళ్లడం గురించి మాట్లాడితే తెలుగు నేల దగ్గర ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. ప్రకటనలు, సంస్థల కోసం తీసిన డాక్యుమెంటరీలు కలిపి తొమ్మిది వందలకు పైగా తీశాడని చెబుతారు. తెలంగాణ పల్లె కథ 'అంకుర్'కి డబ్బు కోసం పదేళ్లకు పైగా తిరిగాడు. చివరికి 1974లో అది సాధ్యమైంది బ్లేజ్ సంస్థ వల్ల. దేశంలోని థియేటర్లకు ప్రకటన చిత్రాలు పంపిణీ చేసే సంస్థ అది. అంటే బెనెగల్ ప్రకటనల లోకం నుంచి బయటికి వెళ్లలేదు, ఆ లోకపు డబ్బునే వెంట తీసుకెళ్లాడు. రెండేళ్లకు గుజరాత్‌లో అయిదు లక్షల మంది పాల రైతులు తలా రెండు రూపాయలు వేసి 'మంథన్' తీయించారు. ఆ పరిచయం కూడా పాల సహకార ఉద్యమం కోసం తీసిన డాక్యుమెంటరీలతో వచ్చిందే. 2024 డిసెంబర్ 23న ఆయన పోయినప్పుడు వచ్చిన నివాళుల్లో ఈ లెక్క పెద్దగా కనిపించలేదు.

సత్యజిత్ రాయ్‌దీ అదే దారి. 1943లో కలకత్తాలో డి.జె. కీమర్ ఏజెన్సీలో చేరి, ఉద్యోగం వదలకుండానే 'పథేర్ పాంచాలి' తీశాడు. నెల జీతమే మొదటి నిర్మాత అనుకోవచ్చు. తర్వాత ఇన్సూరెన్సు పాలసీ, భార్య నగలు, చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం. తెలుగులో రామోజీరావు ప్రస్థానం చూడండి. ఢిల్లీలో ఒక ప్రకటనల సంస్థలో ఆర్టిస్టుగా పనిచేసి, హైదరాబాద్ వచ్చి కిరణ్ యాడ్స్ పెట్టి, చాలాకాలం తర్వాత ఉషాకిరణ్ మూవీస్‌తో చిత్ర నిర్మాణంలోకి వచ్చాడు. 1984లో జంధ్యాల దర్శకత్వంలో 'శ్రీవారికి ప్రేమలేఖ'. అప్పటికి చేతిలో పత్రిక ఉంది, చిట్‌ఫండ్ ఉంది. డబ్బు ఎన్నాళ్లకు వస్తుందన్న భయం లేకుండా దూకగలిగినవాడు.

జంషెడ్‌పూర్ వాళ్లు మాత్రం ఇంతియాజ్ అలీ పేరు చెబుతారు. సహజం. ఆ ఊరి కుర్రాడు, ముంబై వెళ్లి జేవియర్ ఇన్‌స్టిట్యూట్‌లో అడ్వర్టైజింగ్ చదివాడు, పని దొరికింది మాత్రం టీవీ నిర్మాణంలో, అదీ అట్టడుగు నుంచి. సీరియళ్లు తీసి, 2005లో 'సోచా న థా'తో సినిమాకొచ్చాడు. విక్రమాదిత్య మోత్వానే 'ఉడాన్' తీసింది ఇక్కడే. ఆ సినిమాలో రచయిత కావాలనుకునే అబ్బాయిని తండ్రి ఉక్కు ఫ్యాక్టరీ పనిలో పెడతాడు. 2010లో అది కాన్ ఉత్సవానికి వెళ్లింది. ఊళ్లో చాలా ఇళ్లల్లో ఆ తండ్రి ఇంకా ఉన్నాడు, మా బాబాయి కాస్త మెత్తటి రకం.

ఈ పేర్లన్నీ చెప్పుకున్నాక ఒకటి గమనించాలి. బెనెగల్, రాయ్, ఇంతియాజ్, ఇంకా లియో బర్నెట్ ఏజెన్సీ నుంచి వచ్చి 'దంగల్' తీసిన నితేశ్ తివారీ, లోవ్ లింటాస్ అధిపతిగా ఉంటూనే 'చీనీ కమ్' తీసిన బాల్కీ, అందరూ దర్శకులు. ఏజెన్సీ గడప దాటి పైకెళ్లిన కథలు మనకు దర్శకులవే దొరుకుతాయి. ప్రొడ్యూసర్ల కథలు ఎవరూ రాయరు. దర్శకుడు ఎటు వెళ్లినా పేరు వెంట వస్తుంది. ప్రొడ్యూసర్ వెంట వచ్చేది ఫోన్లో ఉన్న నంబర్లు, ఎవరికి ఎంతివ్వాలో తెలిసిన లెక్క. అందుకే మా చెల్లికి ఈ మహానుభావుల ఉదాహరణలు చెప్పి ధైర్యం నూరిపోసే సలహాదారుల మీద నాకు అంత నమ్మకం లేదు.

పైగా ప్రొడక్షన్ హౌస్‌కి మారితే 'మనది' అంటూ ఏదో మిగులుతుందన్న భ్రమ కూడా ఉంది. కాపీరైట్ చట్టం 1957లో 17వ సెక్షన్ చూస్తే ఆ భ్రమ తొలగుతుంది. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని తీయించుకున్నవాడే. అంటే హౌస్ తీసిన ప్రకటన హౌస్‌ది కాదు. ఓటీటీల కోసం సిరీస్ తీసినా చాలా ఒప్పందాల్లో ఇదే తీరు. మిగిలేది షో రీల్, మార్జిన్, తర్వాతి ఆర్డర్ వస్తుందన్న ఆశ.

ఉద్యోగిగా ఆమెకు, ఆమె కింద పనిచేసే యూనిట్‌కి చట్టపరంగా ఒక కొత్త మార్పు మాత్రం వచ్చింది. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. వాటి మీద కార్మిక సంఘాల అభ్యంతరాలు చాలా ఉన్నాయి, అవి వేరే చర్చ. మన విషయానికి సంబంధించి చిన్న సంగతి ఒకటి వార్తల్లో పెద్దగా రాలేదు. పాత 1981 నాటి సినీ కార్మికుల చట్టం ఫీచర్ సినిమాలకే వర్తించేది. యాడ్ ఫిల్మ్ యూనిట్‌లో అదే లైట్ బాయ్ అదే లైటు మోసినా చట్టం దృష్టిలో సినీ కార్మికుడు కాడు. కొత్త వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 'ఆడియో విజువల్ వర్కర్' అనే మాట తెచ్చింది. ప్రకటనలు, వెబ్ సిరీస్‌లు, రియాలిటీ షోలు అందులోకి వచ్చాయి. రాతపూర్వక ఒప్పందం లేకుండా ఎవర్నీ పనిలో పెట్టుకోకూడదు, ఆ ఒప్పందాన్ని అధికారి దగ్గర నమోదు చేయాల్సింది నిర్మాత. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి అయిదేళ్లు కాకుండా ఏడాదికే గ్రాట్యుటీ హక్కు అన్నది ఇంకో కోడ్‌లో ఉంది.

ఇందులో చిక్కేమిటంటే, ఆ నిర్మాత స్థానంలో కూర్చోబోయేది మా చెల్లి. ఏజెన్సీలో ఉన్నన్నాళ్లూ యూనిట్ వాళ్లకు ఎవరెంతిచ్చారన్నది ఆమె సమస్య కాదు. రేపు ముప్పై నలభై మంది ఒప్పంద పత్రాలు ఆమె బల్ల మీద ఉండాలి, షూటింగ్ ఎల్లుండి అని క్లయింటు ఇవాళ రాత్రి చెప్పినా సరే. యూనిట్ వాళ్ల బేరమాడే బలం ఏమిటో 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో చూశాం. 30 శాతం పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మికుల ఫెడరేషన్ 18 రోజులు షూటింగులు ఆపేసి, మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం దగ్గర రాజీ పడింది. యాడ్ ఫిల్మ్ యూనిట్లలో అంత గట్టి సంఘటన లేదు, అదే కెమెరా అసిస్టెంటు ఇటూ అటూ పనిచేస్తున్నా. సినిమాలో రేటు పెరిగితే ప్రకటనలో కొటేషన్ పెరగక తప్పదు, ఏజెన్సీ ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి.

ఎదురు దిశలో, అంటే హౌస్ నుంచి ఏజెన్సీకి వచ్చేవాళ్లూ ఉన్నారు, నా లెక్కన వాళ్లే మంచి ఏజెన్సీ ప్రొడ్యూసర్లు. జనరేటర్ వ్యాను అద్దె అసలు ఎంతో తెలుసు కాబట్టి అడ్డగోలుగా కోయరు, అడ్డగోలుగా వేసినదాన్ని వదలరు. పెళ్లి, పిల్లలు, ఇంటి లోను అనే దశలో ఈ మార్పు ఎక్కువ. షూటింగ్ రోజుల ఇరవై గంటల పని నుంచి, నెలాఖరున కచ్చితంగా పడే జీతానికి. విలీనాల తర్వాత ఆ ద్వారం ఇరుకైంది.

ఇంకో సంశయం, ఏజెన్సీ వదిలి పోటీ స్థానంలోకి వెళ్లకూడదని అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిన షరతు. మా చెల్లి దాన్ని చూసి చాలా భయపడింది. మన కాంట్రాక్టు చట్టం 1872 లోని 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం మానేశాక ఫలానా చోట పనిచేయకూడదన్న షరతు చెల్లదు, కోర్టులు చాలాసార్లు చెప్పాయి. కానీ గోప్యత షరతు చెల్లుతుంది. ఎనిమిదేళ్లుగా ఆమె బల్ల మీదికొచ్చిన వేరే హౌస్‌ల కొటేషన్లు ఇప్పుడు ఆమెకు తెలుసు. కొత్త యజమాని నిజానికి ఆమెను పిలిచింది ఎందుకు? ప్రతిభకా, ఆ అంకెలకా? ఈ ప్రశ్న తను వేసుకుంది, నేను వేయలేదు. అందుకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

కృత్రిమ మేధ సంగతి ఎత్తకుండా ఈ రోజుల్లో ఏ కెరీర్ వ్యాసమూ ముగియడం లేదు. కోకాకోలా 2024లో, మళ్లీ 2025లో క్రిస్మస్ ప్రకటనలు ఏఐతో చేయించింది. లొకేషన్ లేదు, వాన భయం లేదు, భోజనాలు లేవు. అలాంటి పనికి వాటిని సమకూర్చే ప్రొడ్యూసర్ అవసరం తగ్గుతుంది. ఏ ముఖానికి, ఏ గొంతుకు, ఎన్నాళ్లు హక్కు తీసుకున్నామో చూసే ప్రొడ్యూసర్ అవసరం పెరుగుతుంది. ఆ హక్కుల ఫైలు ఇప్పటివరకు ఎక్కువగా ఏజెన్సీ బల్ల మీదే ఉంది. ఈ లెక్కన చూస్తే మారాల్సిన సమయం ఇదేనా అని నాకు అనుమానం. మా చెల్లికి లేదు.

మావయ్య సలహాతో ఆమె ఆ హౌస్‌కి ఒక మెయిల్ రాసింది. మూడు అడిగింది. ఒకటి, సంస్థకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా, సూక్ష్మమా చిన్నదా. రెండు, తన జీతం నెల జీతమా, లేక అందులో కొంత సినిమాకింత అని క్లయింటు డబ్బు వచ్చాక ఇచ్చేదా. మూడు, గత సంవత్సరం బిల్లుల్లో 45 రోజులు దాటినవి ఎన్ని, 90 రోజులు దాటినవి ఎన్ని.

మొదటి రెండింటికీ రెండు రోజుల్లో జవాబొచ్చింది. రిజిస్ట్రేషన్ ఉంది. జీతంలో పావు వంతు రెండో రకం. తను గీతాంజలి ఎక్కడానికి టాటానగర్ స్టేషన్‌కి బయల్దేరే వేళకి మూడో దానికి జవాబు రాలేదు. ఆటో ఎక్కుతుంటే మావయ్య మళ్లీ అడిగాడు, వచ్చిందేటి అని. తను ఫోన్ చూసి తలూపింది, లేదని.